హెడ్‌లైటు ఫ్యూజు పదేపదే పోతుంటే: ఒక కారు మీద నా అనుభవం

కారు ఏడేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు రెండు వైపులా మామూలు హెచ్4 హాలోజెన్ బల్బులు. సమస్యలు రెండు. ఎడమ లైటు డిమ్‌లో పెడితే నారింజ రంగులో, ఆరిపోతున్న నిప్పులా మిణుకుమంటోంది. కుడి వైపు డిమ్ ఫ్యూజు వారంలో మూడుసార్లు పోయింది. మూడోసారి ఎవరో విసిగిపోయి ఆ గుంటలో ఆకుపచ్చ ఫ్యూజు, అంటే 30 ఆంపియర్లది, పెట్టేశారు. అక్కడ ఉండాల్సింది ఎర్రది, 10 ఆంపియర్లది.

ముందు ఆ పచ్చదాన్ని పీకేశాను. అది ఉన్నంతసేపు లైటు స్విచ్ ముట్టుకోకూడదు. ఫ్యూజు బల్బును కాపాడటానికి ఉందని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంట్ 55 వాట్లు, బ్రైట్ ఫిలమెంట్ 60 వాట్లు. 55ను 12 వోల్టులతో భాగిస్తే 4.6 ఆంపియర్లు. ఇంజిన్ నడుస్తూ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) 14 వోల్టుల దాకా ఇస్తున్నప్పుడు 5 అనుకోవచ్చు. ఫ్యూజు మీద నిలకడగా ఉండే లోడు దాని అంకెలో ముప్పాతిక వంతు దాటకూడదు. ఆ లెక్కన 10 ఆంపియర్ల ఫ్యూజు సగం బరువుతో హాయిగా పనిచేస్తుంది. దాని వెనక ఉన్నది ఒకటి, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు. 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఆ వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే, ఫ్యూజు కంటే ముందు వైరే కాలిపోవచ్చు. పీవీసీ తొడుగు సుమారు 100 డిగ్రీలు తట్టుకుంటుంది, ఆ తర్వాత మెత్తబడి పక్క వైర్లకు అంటుకుంటుంది. బానెట్ కింద మంటలు ఇలాగే మొదలవుతాయి.

పోయిన ఫ్యూజులను పారేయకుండా డ్యాష్‌బోర్డ్ అరలో వేసి ఉంచారు. అది చాలా పనికొచ్చింది. పోయిన ఫ్యూజును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే అది ఎలా పోయిందో తెలుస్తుంది. లోపలి తీగ పూర్తిగా ఎగిరిపోయి, ప్లాస్టిక్ లోపలి గోడ మీద నల్లటి మసి, వెండి చుక్కలు పడి ఉంటే అది డైరెక్ట్ షార్ట్, అంటే కరెంటు వైరు నేరుగా బాడీకి తగలడం. మసి లేకుండా తీగ మధ్యలో శుభ్రంగా తెగి, చివర్లు కరిగిన బొట్టుల్లా ఉంటే ఓవర్‌లోడు, అంటే బల్బు వాట్లు ఎక్కువైనా కావచ్చు, ఆ లైనుకు ఇంకేదో తగిలించి ఉండవచ్చు. మూడో రకం అందరినీ తికమక పెడుతుంది. తీగ తెగదు, కానీ ఒక కాలు చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు మారుతుంది. అది కరెంటు ఎక్కువై కాదు, ఫ్యూజు బాక్సులో ఆ కాలిని పట్టుకునే టెర్మినల్ వదులై పుట్టిన వేడి. అప్పుడు ఎన్ని ఫ్యూజులు మార్చినా లాభం లేదు, టెర్మినల్ బాగుచేయాలి.

ఇక్కడ దొరికిన మూడింటిలో మూడూ మసిబారినవే. కాబట్టి కుడి వైపు వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎప్పుడూ కాకుండా అప్పుడప్పుడు పోతోంది కాబట్టి, గతుకుల్లో ఊగినప్పుడు తగులుతోందన్నమాట.

ఇక్కడ ఫ్యూజు పోయే తీరు గురించి ఒక మాట. 10 ఆంపియర్ల ఫ్యూజులో 11 ఆంపియర్లు పారితే వెంటనే పోదు, గంటల తరబడి నిలుస్తుంది. 13.5 ఆంపియర్లు అయితే ముప్పావు సెకను నుంచి 10 నిమిషాల లోపు ఎప్పుడైనా పోవచ్చు. 20 ఆంపియర్లయితే 5 సెకన్ల లోపు, 35 అయితే అర సెకను లోపు పోవాలి. బ్లేడు ఫ్యూజుల ప్రమాణం ఇదే. అందుకే లైటు వేసిన క్షణంలోనే ఫ్యూజు పోయిందంటే షార్ట్ అని, పావుగంట తిరిగాక పోయిందంటే ఓవర్‌లోడు అని మొదటి అంచనా వేసుకోవచ్చు. 90/100 వాట్ల బల్బులు వేయించుకున్న కార్లలో రెండోదే జరుగుతుంది. 100 వాట్లంటే ఆల్టర్నేటర్ వోల్టేజీ దగ్గర 9 ఆంపియర్లు దాటుతుంది, వేడి బానెట్ కింద 10 ఆంపియర్ల ఫ్యూజుకు అది మోయలేని బరువు. అక్కడ ఫ్యూజు పెంచకూడదు, బల్బు తగ్గించాలి.

మల్టీమీటరు పెట్టేముందు స్విచ్ అన్ని స్థానాల్లో తిప్పి, ఏది వెలుగుతోంది, ఏది లేదు అని కాగితం మీద రాసుకున్నాను. ఈ పని చేయని వాళ్లు సగం రోజు వృథా చేసుకుంటారు. ఒక వైపు, ఒక్క డిమ్ మాత్రమే పోతే బల్బు ఫిలమెంట్, లేదా ఆ వైపు ఫ్యూజు. రెండు వైపులా డిమ్ పోయి బ్రైట్ బాగుంటే డిమ్ రిలే (స్విచ్ సైగతో పెద్ద కరెంటును కలిపే భాగం), లేదా స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్. రెండు వైపులా రెండూ పోతే మెయిన్ ఫ్యూజు, స్విచ్, లేదా అందరికీ ఉమ్మడిగా ఉన్న లైను. రెండు బల్బులు ఒకే రాత్రి మాడిపోవడం అరుదు, కానీ ఒకటి నెల క్రితమే పోయి ఎవరూ గమనించకపోవడం చాలా మామూలు. వీధి దీపాల వెలుతురులో ఒంటి లైటుతో తిరుగుతుంటారు, రెండోది పోయిన రోజున రెండూ ఒకేసారి పోయాయని చెబుతారు. నిజంగానే బల్బులు వరసగా పోతుంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చూడాలి. వోల్టేజీ 5 శాతం పెరిగితే ఫిలమెంట్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, 15 దాటితే బల్బు దుకాణానికి కాదు, ఆల్టర్నేటర్ మనిషి దగ్గరికి వెళ్లాలి. ఈ కారులో 14.1 చూపింది, బాగుంది. సెల్లార్‌లో ఇంజిన్ నడిపి ఈ కొలత తీసుకోవద్దు, పొగ బయటికి పోయే చోట తీసుకోండి.

ఎడమ లైటు ముందు పట్టుకున్నాను. నారింజ వెలుగు అనగానే చాలామంది బల్బు పాతబడిందని మార్చేస్తారు. ఇందులోనూ అప్పటికే ఒక కొత్త బల్బు వేసి చూశారు, తేడా లేదు. నాకు దారి చూపింది మీటర్ బోర్డులోని నీలం బ్రైట్ గుర్తు. డిమ్‌లో ఉండగా అది అస్సలు వెలగకూడదు, ఇందులో చీకట్లో చూస్తే సన్నగా వెలుగుతోంది. పైగా కుడి వైపు డిమ్ ఫ్యూజు పీకేసి ఉన్నా, కుడి బల్బు లోపల ఎర్రటి గీతలాంటి వెలుగు కనిపిస్తోంది. ఫ్యూజు లేని బల్బు ఎలా వెలుగుతుంది?

ఎడమ వైపు ఎర్త్, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే వైరు, తెగిపోతే వెలుగుతుంది. హెచ్4 బల్బుకు మూడు పిన్నులు. ఒకటి డిమ్‌కు, ఒకటి బ్రైట్‌కు, మూడోది రెండు ఫిలమెంట్లకూ ఉమ్మడి ఎర్త్. ఆ ఎర్త్ తెగితే డిమ్ ఫిలమెంట్‌లోకి వచ్చిన కరెంటుకు బయటికి పోయే దారి ఉండదు. అది అదే బల్బులోని బ్రైట్ ఫిలమెంట్‌లోకి మళ్లుతుంది, అక్కడినుంచి బ్రైట్ లైనులో వెనక్కి ఫ్యూజు బాక్సు దాకా వెళ్లి, కుడి బల్బు బ్రైట్ ఫిలమెంట్ ద్వారా కుడి ఎర్త్‌కు చేరుతుంది. మూడు ఫిలమెంట్లు వరసలో పడటంతో ఒక్కోదానికి 4 వోల్టులే దక్కుతుంది. 12 వోల్టుల ఫిలమెంట్‌కు 4 వోల్టులు ఇస్తే దాని అసలు వెలుగులో రెండు మూడు శాతం కూడా రాదు, అందుకే ఆ నారింజ మిణుకు. నీలం గుర్తు కూడా ఆ బ్రైట్ లైను నుంచే కొసరు తీసుకుంటోంది.

అనుమానం నిజమో కాదో తేల్చడం తేలిక. ఎడమ బ్రైట్ ఫ్యూజు పీకాను. ఎడమ డిమ్ నారింజ వెలుగు పూర్తిగా ఆరిపోయింది, నీలం గుర్తూ ఆరింది. బ్రైట్ ఫ్యూజు పీకితే డిమ్ ఆరిందంటే ఎర్త్ తప్ప ఇంకో కారణం ఉండదు. ఫ్యూజు మళ్లీ పెట్టి, కప్లర్ (బల్బు వెనక తగిలే ప్లగ్గు) బల్బుకే ఉంచి, వెనక నుంచి సన్న పిన్ను గుచ్చి ఎర్త్ వైరు మీద, బ్యాటరీ నెగటివ్ మీద మీటరు పెట్టాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట 8 వోల్టులు చూపింది. 12 నుంచి మొదటి ఫిలమెంట్ 4 తినేస్తే మిగిలేది అదే, లెక్క సరిపోయింది.

మీటరుతో కొలిచేటప్పుడు బల్బు తగిలించి, లైటు వేసి ఉంచే కొలవాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, కానీ 5 ఆంపియర్లు మోయలేదు. లోడు మీద ఎర్త్ వైపు 0.1, మహా అయితే 0.2 వోల్టులు పోవచ్చు. బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు పిన్ను దాకా అర వోల్టు మించకూడదు. ఇది అంత పట్టించుకోవాల్సిన సంగతా అనుకోవద్దు. బల్బుకు చేరే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. పాత కార్లలో లైటు చాలడం లేదని ఎక్కువ వాట్ల బల్బు వేయించుకునేవాళ్లు ముందు ఈ కొలత తీసుకుంటే, సగం మందికి బల్బు మార్చే అవసరమే ఉండదని నా నమ్మకం.

కొన్ని కార్లలో, ముఖ్యంగా జపాన్ పద్ధతిలో వైరింగ్ చేసినవాటిలో, ఉమ్మడి పిన్నుకు పాజిటివ్ వస్తుంది, డిమ్, బ్రైట్ స్విచ్‌లు ఎర్త్ వైపు ఉంటాయి. అలాంటి కారులో నల్ల వైరు ఎర్త్ అని నమ్మి మొదలుపెడితే లెక్కలన్నీ తలకిందులవుతాయి. ముందు లైటు ఆపి ఉమ్మడి పిన్ను కొలవండి. లైటు ఆపినా 12 వోల్టులు ఉంటే, లేదా స్విచ్ ఏ వైపు తిప్పినా మారకుండా 12 ఉంటే, అది ఆ రకం.

ఎర్త్ వైరు వెంట పోతే అది హెడ్‌లైటు వెనక, బ్యాటరీ ట్రే కింద ఒక 6 మిల్లీమీటర్ల బోల్టుకు చేరింది. బోల్టు బిగుతుగానే ఉంది. లగ్గు (వైరు చివరి లోహపు రింగు) లాగితే మాత్రం వైరు చేతిలోకి వచ్చేసింది. లోపల రాగి అంతా చిలుము పట్టి పచ్చటి పొడి అయిపోయింది. బ్యాటరీ ఆవిరి, బానెట్ తెరిచి కొట్టే వాటర్ సర్వీసింగ్ నీళ్లు, రెండూ కలిసి చేసే పని ఇది. బ్యాటరీ నెగటివ్ ముందే తీసి పక్కన పెట్టి, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వైరు వెనక్కి కోసుకుంటూ వచ్చాను, 7 సెంటీమీటర్లు పోయింది. పొడుగు చాలక ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల కొత్త ముక్క కలిపాను. కొత్త రింగు లగ్గు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన హీట్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేశాను. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు పైకి గట్టిగానే ఉంటుంది, ఏడాదికి వదులవుతుంది. బాడీ మీద రంగు ఎమరీ పేపర్‌తో గీకి తెల్లటి ఇనుము తేలాక, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించాను. బిగించిన తర్వాత పైనుంచి వాజలీన్ పూశాను. కొలత 0.06 వోల్టు. ఎడమ లైటు తెల్లగా వెలిగింది.

ఇక కుడి వైపు షార్ట్. ఫ్యూజు పెట్టడం, పోవడం, మళ్లీ పెట్టడం అనే పద్ధతిలో వెతికితే డబ్బా ఫ్యూజులు అయిపోతాయి. దీనికి ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే పాత పద్ధతి ఒకటి ఉంది, ఇంతకంటే మంచిది నాకు తెలియదు. పోయిన ఫ్యూజు ఒకటి తీసుకుని, దాని రెండు కాళ్లకు పైభాగంలో రెండు వైర్లు సోల్డరు చేయాలి. ఆ వైర్ల చివర 55 వాట్ల పాత బల్బు తగిలించాలి. ఈ ఫ్యూజును గుంటలో పెడితే ఫ్యూజు బదులు బల్బు వరసలో ఉంటుంది. ఎంత షార్ట్ అయినా 5 ఆంపియర్లు మించి పారదు, ఏదీ కాలదు, బల్బు పూర్తిగా వెలిగి షార్ట్ ఉందని చెబుతుంది.

కుడి హెడ్‌లైటు కప్లర్ ఊడదీసి, ఆ టెస్ట్ బల్బు పెట్టి, లైటు స్విచ్ వేశాను. వెలగలేదు. కప్లర్ ఊడి ఉంది కాబట్టి వెలగకపోవడమే సరి. ఇంజిన్ బేలో వైర్ల కట్టను ఫ్యూజు బాక్సు దగ్గర నుంచి జానెడు జానెడు చొప్పున కదుపుతూ వచ్చాను. హెడ్‌లైటు బ్రాకెట్ దగ్గర కట్టను కిందికి నొక్కగానే బల్బు భగ్గున వెలిగింది, వదిలితే ఆరింది. రెండోసారి, మూడోసారి నొక్కి ఖాయం చేసుకున్నాను.

హెడ్‌లైటు అసెంబ్లీ విప్పితే కథ తెలిసింది. కట్టను పైకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి ఉంది. కట్ట జారి బ్రాకెట్ రేకు అంచు మీద కూర్చుంది. ప్రతి గతుకుకూ రాసుకుని రాసుకుని, రెండు సెంటీమీటర్ల మేర తొడుగు పోయి రాగి బయటపడింది. రేకు మీద నిప్పురవ్వలు కొట్టిన నల్లటి చుక్కలు నాలుగు ఉన్నాయి. ఇదే తీరు గాయం ఎలుకలూ చేస్తాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజుల తరబడి నిలిపిన కార్లలో అది చాలా ఎక్కువ. ఎలుక కొరికితే గాట్లు చిన్న చిన్నవిగా, ఒకటి కంటే ఎక్కువ వైర్ల మీద ఉంటాయి, కింద కొరికిన తొడుగు ముక్కలు కనిపిస్తాయి. అప్పుడు ఒక్క వైరు బాగుచేసి ఊరుకోకుండా కట్ట మొత్తం విప్పి చూడాలి.

30 ఆంపియర్ల ఫ్యూజుతో కారు తిరిగింది ఒక్క రోజే అయినా దాని గుర్తులు మిగిలాయి. రాసుకున్న చోటు నుంచి ఫ్యూజు బాక్సు వైపు 40 సెంటీమీటర్ల దాకా తొడుగు గట్టిపడింది, వంచితే సన్నగా పగుళ్లు వచ్చాయి. ఆ ముక్క మొత్తం తీసేసి కొత్త వైరు వేశాను. బ్రాకెట్ దగ్గర కలిపిన జాయింట్ మీద జిగురున్న హీట్ స్లీవ్, ఆ పైన ముడతల ప్లాస్టిక్ గొట్టం, కట్టకు కొత్త క్లిప్పు. ఇన్సులేషన్ టేప్ ఒక్కటే చుట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. బానెట్ వేడికి దాని జిగురు కరిగి ఒక ఎండాకాలంలో జారిపోతుంది.

కుడి కప్లర్ కూడా మార్చాల్సి వచ్చింది. ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి, లోపలి టెర్మినల్ పట్టు కోల్పోయింది. విడిగా దొరికే సెరామిక్ హోల్డర్, వైర్లతో సహా, వేశాను. కొనేటప్పుడు హోల్డర్ వైరు మందం చూడండి. పైకి లావుగా ఉన్నా లోపల రాగి నాలుగు పోగులే ఉండేవి చాలా అమ్ముతున్నారు. పాత కప్లర్ కోసే ముందు ఏ వైరు ఏ పిన్నుకు వెళ్తుందో ఫోటో తీసుకోవాలి, హోల్డర్ వైర్ల రంగులు కారు రంగులతో కలవవు. ఎర్త్, బ్రైట్ తారుమారు చేస్తే డిమ్‌కు రెండు ఫిలమెంట్లూ వరసలో పడి మళ్లీ అదే నారింజ వెలుగు వస్తుంది, బ్రైట్ మాత్రం వెలుగుతుంది.

ఇప్పుడు సరైన ఫ్యూజు. విజయవాడ ఆటోనగర్‌లో కౌంటరు మీద 10 ఆంపియర్ల మినీ (చిన్న సైజు బ్లేడు ఫ్యూజు) అడిగితే, అబ్బాయి ఏ కారు అని అడిగి, ‘అన్నా, ఇరవై తీసుకెళ్లు, మళ్లీ పోదు’ అన్నాడు. పోవడమే దాని పని అని చెప్పి పదే తీసుకున్నాను. ఇలాంటి సలహా ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది కాబట్టి, ఫ్యూజు కొనేవాడికే అంకె కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ అంకె పాత ఫ్యూజు మీద వెతక్కూడదు, ఈ కారులో చూశాం కదా, పాతది తప్పుది కావచ్చు. ఫ్యూజు బాక్సు మూత లోపలి బొమ్మ, ఓనర్స్ మాన్యువల్, ఈ రెండే నమ్మదగినవి. హెడ్‌లైట్ల ఫ్యూజులు ఎక్కువ కార్లలో బానెట్ కింద, బ్యాటరీ పక్కన ఉన్న బాక్సులో ఉంటాయి. స్టీరింగ్ కింద లోపలి బాక్సులో వెతికి, దొరకలేదని వదిలేసేవాళ్లను చూశాను. కొన్నింటిలో డిమ్, బ్రైట్ వేరువేరుగా నాలుగు ఫ్యూజులు, కొన్నింటిలో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి 15 ఆంపియర్లవి.

రంగులు గుర్తుంచుకోవడం మంచిదే. 5 ఆంపియర్లు లేత కాఫీ రంగు, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెల్లగా పారదర్శకం, 30 ఆకుపచ్చ. కానీ చివరి మాట పైన అచ్చు వేసిన అంకెదే. వేడికి వెలిసిన 5, 7.5 పక్కపక్కన పెడితే కళ్లు మోసపోతాయి. ఇంకో ప్రమాదం ఉంది. మ్యాక్సీ అనే పెద్ద ఫ్యూజుల్లో ఈ రంగుల్లో కొన్నింటిని వేరే అంకెలకు వాడతారు. అక్కడ ఎరుపు అంటే 50, నీలం అంటే 60. మ్యాక్సీ వెడల్పు సుమారు 29 మిల్లీమీటర్లు కాబట్టి గుంటలో పట్టదు, అయినా ‘ఎర్రది ఒకటి ఇవ్వండి’ అని రంగు పేరుతో అడిగే అలవాటు మానుకోవాలి.

అంకె తర్వాత సైజు. మామూలు బ్లేడు ఫ్యూజు 19 మిల్లీమీటర్ల వెడల్పు, కాళ్లు 5 మిల్లీమీటర్లు. మినీ 11 మిల్లీమీటర్లు, కాళ్లు 2.8. లో ప్రొఫైల్ మినీ కూడా అంతే వెడల్పు, కానీ పొట్టిది, పక్కనుంచి చూస్తే కాళ్లు ప్లాస్టిక్ కిందికి దాదాపు రావు. తప్పులు జరిగేది ఈ రెండింటి దగ్గరే. వెడల్పు ఒకటే కాబట్టి ఒకదాని బదులు ఒకటి దూరుతుంది, కానీ టెర్మినల్ పట్టవలసిన చోట పట్టదు. మినీని పొట్టి గుంటలో పెడితే పైకి పొడుచుకొచ్చి మూత పడదు, పొట్టిదాన్ని మినీ గుంటలో పెడితే వదులుగా కూర్చుని వేడెక్కుతుంది. ఇంకా చిన్నది మైక్రో2, దాని వెడల్పు 9 మిల్లీమీటర్లు. మైక్రో3కి మూడు కాళ్లు, ఒక్క ఫ్యూజులో రెండు సర్క్యూట్లు. చదరపు డబ్బాలా ఉండే 30, 40 ఆంపియర్ల కార్ట్రిడ్జ్ ఫ్యూజులు లాగితే వస్తాయి. కానీ బ్యాటరీ దగ్గర 80, 100 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు చాలా కార్లలో కింద బోల్టుతో బిగించి ఉంటుంది. దాన్ని ప్లయర్‌తో లాగి బాక్సు విరగ్గొట్టుకోకండి, బ్యాటరీ నెగటివ్ తీశాక బోల్టు విప్పండి.

నకిలీ ఫ్యూజుల గురించి గట్టిగానే చెప్పాలి. పది రంగుల డబ్బాలో వందల ఫ్యూజులు చవగ్గా దొరుకుతాయి. వాటిలో కొన్ని 10 అని రాసి ఉన్నా 25 ఆంపియర్లకు కూడా పోవు. అంటే తెలియకుండానే పచ్చ ఫ్యూజు పెట్టుకున్నట్టే. నేను కొత్త డబ్బా నుంచి ఒకటి బలి ఇచ్చి చూస్తాను. రెండు ఫిలమెంట్లూ బాగున్న పాత హెచ్4 బల్బులు మూడు తీసుకుని, అన్ని ఫిలమెంట్లనూ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 12 వోల్టుల మీద 28 ఆంపియర్లకు దగ్గరగా లాగుతాయి. బ్యాటరీకి, వీటికి మధ్య లావుపాటి వైర్లతో 10 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ఒకటి రెండు సెకన్లలో పోవాలి. పోకుండా ప్లాస్టిక్ కరగడం మొదలైతే వెంటనే తీసేసి, డబ్బా మొత్తం పారేయాలి. బల్బులు విపరీతంగా వేడెక్కుతాయి, ఇటుక మీద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఆటోనగర్‌లో తెచ్చినవి ఒకటిన్నర సెకన్లలోపే పోయాయి.

ఫ్యూజు పెట్టేముందు గుంట చూశాను. 30 ఆంపియర్లది ఉన్న చోట టెర్మినల్ కాస్త నల్లబడింది, కానీ పట్టు బాగానే ఉంది. పట్టు తెలుసుకోవడానికి ఒక ఫ్యూజు కాలును ఒక్కో టెర్మినల్‌లోకి విడివిడిగా దూర్చి లాగి చూడాలి, పక్క గుంటలో ఎంత గట్టిగా ఉందో ఇక్కడా అంతే ఉండాలి. రిలేలు ఈ కారులో బాగున్నాయి. అనుమానం ఉంటే అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడటం అన్నిటికంటే తేలిక. టిక్ మని చప్పుడు వచ్చింది కాబట్టి రిలే బాగుందని మాత్రం నమ్మకండి. చప్పుడు కాయిల్‌ది, లోపలి కాంటాక్టు మాడిపోయినా ఆ చప్పుడు వస్తుంది. కాయిల్‌కు చెందిన 85, 86 పిన్నుల మధ్య సుమారు 70 నుంచి 120 ఓములు, రిలే పనిచేస్తున్నప్పుడు కాంటాక్టుకు చెందిన 30, 87 పిన్నుల మధ్య దాదాపు సున్నా వోల్టు తేడా చూపాలి.

బల్బులు జతగా మార్చాను, రెండూ 60/55 వాట్లవే. హాలోజెన్ గాజును వేళ్లతో ముట్టుకోకూడదు, చర్మం జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. కొత్త బల్బును ఓముల్లో కొలిచి అర ఓము కూడా రాలేదని షార్ట్ అనుకోవద్దు. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ రెసిస్టెన్స్ వెలుగుతున్నప్పటి దానిలో పదో వంతే ఉంటుంది. వెనక రబ్బరు బూటు తప్పకుండా పెట్టాలి, అది లేని లైట్లలోకి తేమ చేరి రిఫ్లెక్టర్ మసకబారుతుంది, కప్లర్‌కు చిలుము పడుతుంది. అసెంబ్లీ విప్పాం కాబట్టి ఫోకస్ సరిచూడాలి. సమతలం మీద గోడకు 5 మీటర్ల దూరంలో కారు నిలిపి, బల్బు మధ్యభాగం ఎత్తు గోడ మీద గుర్తుపెడితే, డిమ్ వెలుగు పై అంచు దానికి 5 సెంటీమీటర్లు కిందుగా పడాలి.

చివరగా ఇంజిన్ నడుపుతూ అరగంట డిమ్ వేసి ఉంచాను. ఫ్యూజు తలమీద ఉన్న రెండు చిన్న లోహపు చుక్కల మీద మీటరు మిల్లీవోల్టుల్లో పెడితే ఎడమ 37, కుడి 36 చూపింది. 10 ఆంపియర్ల మినీలో 5 ఆంపియర్లు పారుతుంటే వచ్చే అంకె అదే. రెండు వైపులా దాదాపు ఒకటే ఉందంటే రెండు బల్బులూ సమానంగా కరెంటు తీసుకుంటున్నాయి. కుడి కట్టను బ్రాకెట్ దగ్గర అటూ ఇటూ లాగాను, అంకె కదల్లేదు. మూత లోపలి బొమ్మ మీద వెలిసిపోయిన హెడ్‌లైట్ల వరసలో పర్మనెంట్ మార్కర్‌తో ‘10, మినీ’ అని రాసి, అవే ఫ్యూజులు రెండు మూత లోపలి స్పేర్ గుంటల్లో పెట్టాను.